సరస్సులో చేరిన క్రొత్త చేప



తొమ్మిదవ తరగతిలో జలచరములను గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యా, మా ఊరి చెరువులో వల వేసినప్పుడెల్ల జిలేబి చేపయే పడుచున్నది. దానిని తెలుగులో ఏమందురు?” అని అడిగెను. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణము పొందినవారము. తెలుగు నిఘంటువులు మాకు క్రొత్తవి కావు. అయినను ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

ఆ వారమే ఆ బాలుని తాతగారిని కలిసికొంటిమి. ఆయనకు ఎనుబది యేండ్లు దాటినవి. బాల్యము నుండియు చెరువులో వల వేసినవారు. కొరమీను, మట్టగిడస, జెల్ల, పరిగె, బొచ్చె అని ఆయన వ్రేళ్లు ముడిచి లెక్కించుచు చేపల పేర్లు చెప్పిరి. జిలేబి మాట యెత్తగానే ఆగి, “దానికి మన పేరెక్కడిది? మా చిన్ననాడు ఆ చేపయే లేదు గదా!” అనిరి.

ఆ మాటలోనే మన నేటి పాఠమంతయు ఇమిడి యున్నది. ఒక నీటిలో పుట్టి పెరిగిన చేపను మానవుడు వేరొక నీటికి తెచ్చి విడిచినప్పుడు ఏమి జరుగును? తెచ్చిన చేప లన్నియు హాని చేయవు. కొన్ని క్రొత్త నీటిలో బ్రతుకజాలక నశించును. కొన్ని ఒదిగి బ్రతుకును. కొన్ని మాత్రము విపరీతముగా పెరిగి, అచటి ప్రాణుల ఆహారమును, చోటును, కొన్నిచోట్ల ప్రాణములను గూడ హరించును. ఈ మూడవ తెగనే శాస్త్రజ్ఞులు దురాక్రమణ జాతులందురు. లోకమున ఇందుకు మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము ఆఫ్రికా ఖండమందలి విక్టోరియా సరస్సు. ముందు దానిని తెలిసికొని, పిమ్మట మన చెరువు గట్టునకు వత్తము.

సరస్సు

విక్టోరియా సరస్సు భూమధ్యరేఖపై ఉన్నది. దాని వైశాల్యము సుమారు 68,800 చదరపు కిలోమీటర్లు; అనగా మన తమిళనాడు రాష్ట్రములో సగమునకు మించినది. ఇంత విశాలమైనను దాని గరిష్ఠమైన లోతు 80 మీటర్ల ప్రాంతమే. ఉగాండా, కెన్యా, టాంజానియా అను మూడు దేశములు దానిని పంచుకొనుచున్నవి. 1858లో స్పీక్ అను ఆంగ్లేయ యాత్రికుడు దానిని చూచి తన రాణి పేరు పెట్టెను. ఆ గట్టున తరతరములుగా నివసించు జనులకు అంతకు ముందే ఆ నీరు తెలియును. దానికి వారు పెట్టుకొన్న పేర్లును కలవు. సరస్సు ఉత్తర తీరమున జింజా పట్టణమువద్ద నైలు నది బయలుదేరును.

ఈ సరస్సు సుమారు 15,000 సంవత్సరముల క్రిందట ఎండిపోయి, మరల నిండినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. మరల నిండిన ఆ నీటిలో ఒక విచిత్రము జరిగెను. సిక్లిడ్ అను కుటుంబమునకు చెందిన చిన్న చేపలు కొలది కాలములోనే 500కు మించిన జాతులుగా చీలినవి. భూమి పుట్టుకతో పోల్చినచో 15,000 సంవత్సరములు ఒక రెప్పపాటు మాత్రమే. టాంజానియా తీరవాసులు ఈ చేపలను ఫురు అందురు.

ఫురు చేపలు

ఫురు చేపలలో పెక్కింటి పొడవు జానెడు లోపలనే యుండును. కాని వాని జీవన విధానములు ఎన్ని! కొన్ని రాళ్లపై పాచిని గీకి తినును. కొన్ని నత్తగుల్లలను దవడలతో పగులగొట్టును. కొన్ని నీటిలో తేలు సూక్ష్మ జీవులను ఏరుకొనును. కొన్ని అడుగున క్రుళ్లిన ఆకు అలములను తిని నీటిని శుభ్రము చేయును. కొన్ని ఇతర చేపల పొలుసులను మాత్రమే పెరికి తినును. ఒక ఊరిలో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి ఎవరి పని వారు చేసికొనుచు ఊరిని నిలుపునట్లు, ఈ చేపలును ఒకదాని వృత్తికి మరియొకటి అడ్డురాక సరస్సును నిలిపినవి.

వీనిలో తల్లిచేప గ్రుడ్లను తన నోటిలోనే ఉంచుకొని పొదుగును. పిల్లలు వెలువడిన తరువాత గూడ ఆపద వచ్చినచో అవి తల్లి నోటిలోనికి దూరి దాగును. ఇట్లు కాపాడు తల్లి ఒక్కసారి కనగల పిల్లలు బహు స్వల్పము. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు.

తీరవాసులు ఫురు చేపలను పట్టి ఎండబెట్టి తినెడివారు. అంతకంటె రుచియైనది ఎంగెగె అను పెద్ద చేప. 1905లో విదేశపు వలలు ఆ సరస్సునకు వచ్చినవి. ఆ వలలతో ఎంగెగెను అతిగా పట్టుటచే కొలది దశాబ్దములలో అది తగ్గిపోయెను. నష్టము ఇచటనే ఆరంభమైనదని గమనింపుడు. క్రొత్త చేప రాకమునుపే మానవుని వల సరస్సును బలహీనపరచినది.

క్రొత్త చేపను విడుచుట

నాటి వలస ప్రభుత్వపు అధికారులకు ఫురు చేపలు పనికిమాలిన చెత్త చేపలుగా తోచినవి. ఈ చెత్తను తిని పెరుగు ఒక పెద్ద చేపను తెచ్చి విడిచినచో చెత్త మాంసమగును, వేటకు వినోదమును కలుగునని వారు తలచిరి. అట్టి చేప దగ్గరలోనే కలదు. అది నైలు పెర్చి. రెండు మీటర్ల పొడవు, 200 కిలోల బరువు వరకు పెరుగ గలదు. ఆల్బర్ట్ సరస్సులో అది అనాదిగా నివసించుచున్నది. నడుమ మర్చిసన్ జలపాతము గోడవలె అడ్డుపడుటచే అది విక్టోరియా సరస్సునకు ఎక్కి రాలేకపోయెను. ప్రకృతి కట్టిన ఆ గోడను మానవుడు బుట్టలో చేప నుంచుకొని దాటెను.

హెచ్చరించినవారు లేకపోలేదు. 1927–28లో ఆ సరస్సును పరిశీలించిన మైకేల్ గ్రాహం, తగిన పరిశోధన చేయక పెద్ద మాంసాహారపు చేపను తెచ్చుట మిక్కిలి అపాయకరమని వ్రాసెను. 1960లో జెఫ్రీ ఫ్రయర్ అను శాస్త్రజ్ఞుడును ఈ ఆలోచనను ఖండించెను. అయినను 1950ల నడుమనే ఎవరో గుట్టుగా నైలు పెర్చిని సరస్సులో విడిచిరి. 1960 నాటికి అది జింజావద్ద వలలలో పడెను. ఎట్లును చేరినది గదా యని 1962, 1963 సంవత్సరములలో బహిరంగముగనే విడిచిరి.

పిదప సుమారు ఇరువది సంవత్సరములు ఏమియు జరుగనట్లే యుండెను. భయపడినవారిది పొరపాటని పలువురు తలచిరి. కాని 1980 ప్రాంతమున ముందు కెన్యా తీరమందును, తరువాత ఉగాండా, టాంజానియా తీరములందును నైలు పెర్చి ఒక్కమారుగా పెచ్చు పెరిగెను. నిప్పు ఊకలో దాగి రాజుకొన్నట్లు అది రాజుకొన్నది.

ఫురు తల్లి కొలది పిల్లలను నోటిలో దాచి పెంచునని చెప్పితిమి. పెద్ద పెర్చి ఒక్కసారి లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. ఫురు చేపలు ఇంతటి వేటగానిని తమ వంశచరిత్రలో ఎరుగవు. తప్పించుకొను విద్య వానికి అలవడలేదు. 1970లలో సరస్సు అడుగున నుండు చేపల మొత్తము బరువులో ఫురు చేపలది సుమారు నూటికి 80 వంతులు. 1980ల చివరకు అది నూటికి ఒక వంతు కంటె తక్కువయ్యెను. దాదాపు 200 జాతులు అంతరించినవని శాస్త్రజ్ఞుల అంచనా. కొన్నింటికి పేరు పెట్టు నంతలోనే అవి కనుమరుగైనవి.

ఫురు చేపలు తరిగిన పిదప పెర్చి ఆకలితో చచ్చెనా? లేదు. రొయ్యలను, దగా అను చిన్న వెండిచేపను, కడపట తన పిల్లలనే తిని బ్రతికెను.

లాభమెవరిది? నష్టమెవరిది?

ఇచట మనము న్యాయముగా ఆలోచింపవలెను. నైలు పెర్చి వచ్చుటచే ధనము వచ్చినమాట వాస్తవము. 1970లలో సరస్సునుండి ఏటేట పట్టు చేపలు సుమారు లక్ష టన్నులు. 1990 ప్రాంతమున అవి సుమారు 5 లక్షల టన్నులకు పెరిగినవి. తీరమున కర్మాగారములు వెలసినవి. చర్మము, ముల్లు తీసిన మాంసపు ముక్కలు ఐరోపాకు ఎగుమతియైనవి. వేలాది జనులకు పని దొరకెను. మూడు దేశములకు విదేశపు ద్రవ్యము లభించెను. ఈ లాభమును దాచి కథ చెప్పుట విద్యార్థులకు తగదు.

కాని ఆ లాభము ఎవరి చేతికి పోయినది? పూర్వము చిన్న దోనె, చిన్న వల గలవాడు ఫురు చేపను పట్టెడివాడు. అతని ఇల్లాలు దానిని ఎండబెట్టి సంతలో అమ్మెడిది. పెద్ద పెర్చిని పట్టుటకు పెద్ద పడవలు, పెద్ద వలలు, మంచు, లారీలు కావలెను. ఇవి ధనవంతులకే సాధ్యము. మంచి మాంసము విమానములలో దూరదేశములకు పోగా, కర్మాగారము విడిచిన తలలను, వెన్నెముకలను పేదలు కొని వేయించుకొనిరి. టాంజానియాలో ఈ వెన్నెముకలకు స్వాహిలీ భాషలో ఒక పేరు పుట్టెను. దాని అర్థము ‘తెరచిన వీపు’. సరస్సు గట్టున నుండియు సరస్సు చేపను తినలేని దుస్థితి కొందరికి వచ్చెను.

నీటి రంగు మారుట

చేప మారినప్పుడు నీరును మారును. ఈ సంబంధమును జాగ్రత్తగా చూడుడు.

ఫురు చేపను ఎండలో ఆరబెట్టిన చాలును. పెర్చి కొవ్వుగలది, ఎండకు ఆరదు. దానిని పొగబెట్టవలెను, లేదా వేయింపవలెను. అందుకు కట్టెలు కావలెను. కట్టెలకై తీరపు చెట్లు కొట్టిరి. చెట్లు లేని నేల వానకు కొట్టుకొని పోయి సరస్సులో పడెను. పొలముల ఎరువును, పట్టణముల మురుగును దానితో కలిసినవి. ఈ సారము తిని నీటిలో పాచి విపరీతముగా పెరిగెను. పాచిని, కుళ్లును తిను ఫురు చేపలు అప్పటికే తరిగినవి. చచ్చి అడుగున చేరిన పాచి క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించెను. లోతైన నీరు చేపలు ఊపిరాడని చోటయ్యెను. 1980ల చివర దక్షిణ అమెరికాకు చెందిన గుర్రపుడెక్కయు ఆ సరస్సున చేరి రేవులను కప్పివేసెను. ఆ మొక్క మన చెరువులకును చుట్టమే, మీరందరు ఎరుగుదురు.

మరియొక హాని వింతయైనది. ఫురు చేపలలో ఆడచేప మగచేప రంగును చూచి తన జాతివానిని గుర్తించును. నీరు మురికియై వెలుతురు దూరనప్పుడు ఎరుపేదో నీలమేదో దానికి తెలియదు. వేర్వేరు జాతులు కలిసిపోయి, తుదకు ఒకే మసక రంగు జాతిగా మిగులును. ఓలే సీహౌసెన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో ఈ విషయమును 1997లో ప్రకటించెను. అనగా కొన్ని జాతులు పెర్చి నోట పడి నశించినవి; కొన్ని చీకటి నీటిలో ఒకదానినొకటి గుర్తింపలేక నశించినవి. కావున తప్పంతయు ఒక్క చేపపై మోపుట శాస్త్రసమ్మతము కాదు. వల, గొడ్డలి, మురుగు, పెర్చి, నాలుగును కలిసి ఈ పని చేసినవి.

తిరిగి వచ్చినవి

కథ ఇంతటితో ముగియలేదు. 1990ల నుండి పెర్చిని అతిగా పట్టుటచే దాని సంఖ్య తగ్గసాగెను. అప్పుడు కొన్ని ఫురు జాతులు మరల కనిపించినవి. తిరిగి వచ్చినవానిలో కొన్నింటి శరీరములే మారినవి. ప్రాణవాయువు తక్కువైన నీటిలో ఊపిరి తీయుటకు అనువుగా వాని మొప్పలు పెద్దవైనవి. పూర్వము సూక్ష్మ జీవులను తినునవి ఇప్పుడు పెద్ద పురుగులను తినుట నేర్చినవి. కొన్ని జాతులు సరస్సులో లేక, దూరదేశపు గాజు తొట్లలో మాత్రమే బ్రతికి యున్నవి. ప్రకృతికి ఓర్పు మెండు. కాని అంతరించిన జాతిని ఏ ఓర్పును తిరిగి తేలేదు.

మన చెరువులు

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. జిలేబి యని మనము పిలుచు చేప పేరు తిలాపియా. అదియు ఆఫ్రికా చేపయే. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశమునకు తెచ్చిరి. నాడు దేశమున ఆహారపు కొరత మెండు. తక్కువ ఖర్చుతో పేదలకు మాంసకృత్తులు అందవలెనను సదుద్దేశముతోనే తెచ్చిరి. కాని అది రెండు మూడు నెలలకే ఈడేరి, ఏడాదిలో పలుమార్లు పిల్లలను పెట్టును. చెరువు క్రిక్కిరిసినప్పుడు ఎదుగుట మాని అరచేతి యంతయే నిలిచిపోవును. పాచిని, పురుగులను, ఇతర చేపల గ్రుడ్లను గూడ తినును. చోటు చాలక మన చేపలు వెనుకబడును. ఈ సంగతి గ్రహించి 1959లోనే దాని వ్యాప్తిని నిషేధించిరి. అప్పటికే అది నీళ్లలో చేరియుండెను. కాగితముపై వ్రాసిన నిషేధమును చేప చదువదు గదా!

ఇచట ఒక ఆశ్చర్యమును గమనింపుడు. తిలాపియాయు ఫురు చేపయు ఒకే సిక్లిడ్ కుటుంబమునకు చెందినవి. తిలాపియా తల్లియు గ్రుడ్లను నోటిలోనే పొదుగును. విక్టోరియా సరస్సులో హతమైన వంశమునకు చుట్టమైన చేపయే మన చెరువులో ఆక్రమించునదైనది. అట్లే ఆల్బర్ట్ సరస్సులో నైలు పెర్చి ఇతర చేపలతో కలిసి యుగముల తరబడి బ్రతికినది. కావున పుట్టుకచే చెడ్డదైన చేప లేదు. ఏ నీటికి ఏ చేప యను వివేకము మానవునకు లోపించినదే చెడు.

మరియొక మాట తల్లిదండ్రులతో చెప్పదలచితిమి. మీలో కొందరు ఈ జిలేబినే పట్టి, అమ్మి, మా బడికి పిల్లలను పంపుచున్నారు. పేదవాని కంచములో చౌకగా దొరకు చేప అదియే. నేడు ప్రభుత్వ నిబంధనలకు లోబడి, మెరుగుపరచిన తిలాపియాను కట్టుదిట్టమైన గుంటలలో పెంచుటకు అనుమతియు కలదు. కనుక దానిని పట్టవలదనిగాని, తినవలదనిగాని మేము చెప్పుట లేదు. పట్టుడు, తినుడు. అది లేని నీటికి మాత్రము దానిని మోసికొని పోవలదు. ఆఫ్రికా జెల్ల విషయమును ఇట్టిదే. దాని పెంపకమును మన దేశమున నిషేధించిరి. ఎక్కువ ధర వచ్చునని ఎవరైన దాని పిల్లలను తెచ్చి ఇచ్చినను తీసికొనవలదు.

మనము చేయదగినది

పెద్ద సరస్సుల సంగతి పెద్దలు చూచుకొందురని విద్యార్థులు ఊరకుండ తగదు. గాజు తొట్టిలో అందమునకు పెంచు చేపలు పెద్దవైనప్పుడు, పారవేయుటకు మనసొప్పక వానిని చెరువులో విడుచువారు కలరు. అది దయవలె తోచును. ఒంటినిండ ముండ్లవంటి గట్టి పలకలు గల సక్కర్ చేప ఇట్లే పెక్కుచోట్ల మన నీళ్లలో చేరి జాలరుల వలలను చింపుచున్నది. తొట్టి చేపను పెంచజాలనిచో అమ్మిన అంగడికో, పెంచగల మరియొకరికో ఇయ్యుడు; చెరువునకు మాత్రము ఇయ్యవలదు. విక్టోరియా సరస్సునకును ఆ కీడు బుట్టెడు చేపలతోనే వచ్చినదని మరువకుడు.

రెండవది. మీ తాతలు, అవ్వలు ఎరిగిన చేపల పేర్లను వ్రాసి తెండు. ఆ తాతగారు మాకు చెప్పిన పేర్లలో రెండు చేపలను ఆయన మనుమడు కంటితో చూడలేదు. చేప పోయినచో దాని పేరును పోవును. దానిని పట్టు విధమును, వండు విధమును చెప్పు మాటలును పోవును. ఈ గట్టున మన భాష మాటలాడువారము కొలదిమందిమి. తెలుగు పేరుతోబాటు తమిళపు పేరును వ్రాయుడు. చెరువు ఇరువురిదియు గదా. ఏ చేప ఏ సంవత్సరము వరకు కనిపించెనో గూడ అడిగి తెలిసికొనుడు. ఆ పట్టికను మన గ్రంథాలయములో ఉంచుదుము. రేపు ఈ చెరువును పరిశీలింప వచ్చు శాస్త్రజ్ఞునకు అది ఉపకరించును. ఆ శాస్త్రజ్ఞుడు మీలోని వాడైనచో మాకంతకంటె సంతోషము లేదు.

ప్రశ్నలు

1. నైలు పెర్చి పూర్వము విక్టోరియా సరస్సునకు ఎందుచే రాలేకపోయెను?

2. చేపను ఎండబెట్టుటకు బదులు పొగబెట్టవలసి వచ్చుటచే సరస్సు నీరు ఎట్లు మారెను? వరుసగా వ్రాయుడు.

3. నైలు పెర్చివలన కలిగిన లాభములు రెండు, నష్టములు రెండు వ్రాసి, ఎవరికి లాభము, ఎవరికి నష్టము కలిగెనో తెలుపుడు.

4. 1959నాటి నిషేధము తిలాపియాను ఏల ఆపలేకపోయెను?

5. మీ ఊరి చెరువులో నేడు దొరకు చేపల పేర్లను, మీ పెద్దల చిన్ననాట దొరకిన చేపల పేర్లను రెండు వరుసలుగా వ్రాసి పోల్చుడు.